మడక పట్టిన నాన్న, పోలెండ్ బొమ్మలు

మొదటి రోజు, సోమవారం

తప్పు నాదే. పోలెండ్ రాజధాని వార్సాలో మూడేళ్ళ నుంచి ఉంటున్నాను. నేను ఆఫీసుకు పోయే ట్రామ్ నేషనల్ మ్యూజియం ముందు నుంచే పోతుంది. అయినా సోమవారం దానికి సెలవని తెలీదు, ఎందుకంటే ఒక్కసారి కూడా లోపలికి పోయిన పాపాన పోలేదు. హిందూపురం నుంచి, అదీ అందులో ఒక బొమ్మ చూడటానికే వచ్చిన మనిషిని పొద్దున పదింటికల్లా తీసుకెళ్ళి మూసిన తలుపుల ముందు నిలబెట్టాను. నాన్న ఏమీ అనలేదు. మెట్ల మీద కూర్చుని, "ఎన్నాఫీసుల ముందర కూసోలేదు మనం" అన్నాడు.

ఆ బొమ్మ కథ చెప్పాలి. మా ఆఫీసు క్యాంటీన్ గోడ మీద ఒక ప్రింటు ఉంది. పొలంలో ఒకాయన నేల మీద కూర్చుని అన్నం తింటూ తింటూ తలెత్తి ఆకాశంలోకి చూస్తుంటాడు. పక్కన ఒక పిల్లాడు, వాడి తల కూడా పైకే. వెనక కాడి కట్టిన ఎద్దులు. పైన కొంగల గుంపు. ఒకరోజు ఊరికే ఫోన్లో ఫోటో తీసి నాన్నకు వాట్సాప్ చేశాను. సాయంత్రం ఫోన్ వచ్చింది. "పాపా, ఆ ఎద్దులు ఎవురివి?"

మాది చిలమత్తూరు పక్క పల్లె. దగ్గర్లోనే వీరాపురం. ఏటా అక్కడి చింతచెట్ల మీద ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి గూళ్ళు కడతాయి. పేపర్ల వాళ్ళు 'సైబీరియా కొంగలు' అని రాస్తుంటారు గానీ వాటికీ సైబీరియాకీ సంబంధం లేదు, అవి మన దేశపు పక్షులే. అవి వస్తే వానలు బాగుంటాయని ఊళ్ళో నమ్మకం. మడక దున్నేవాడు మడక ఆపి కొంగల్ని చూడటం నాన్నకు కొత్త కాదు. పరాయి దేశంలో ఎవరో దాన్ని బొమ్మ గీశారంటేనే ఆయనకు వింత. అమ్మ మోకాళ్ళ నొప్పులని రాలేదు. నాన్న ఒక్కడే వచ్చాడు, జీవితంలో మొదటిసారి విమానమెక్కి, సంచిలో ఊరిబిండి డబ్బాతో.

మిగిలిన పూట వృథా ఎందుకని నోవీ ష్వియాత్ వీధి వెంట నడిచి యూరోపెయ్‌స్కి హోటల్ దాకా పోయాం. ఇప్పుడది లోపల అడుగు పెట్టాలంటే చొక్కా సర్దుకోవాల్సిన హోటల్. 1875లో దాని అటక మీద ఒక స్టూడియో ఉండేది. అందులో జేబులో పైసా లేని నలుగురు కుర్రాళ్ళు బొమ్మలు గీసుకునేవాళ్ళు. వాళ్ళలో ఒకడు యూజెఫ్ హెవ్‌మోన్‌స్కి. పోలిష్ స్పెల్లింగు చూసి చదివితే 'చెల్మొన్‌స్కి' అని వస్తుంది, పలికేది మాత్రం హెవ్‌మోన్‌స్కి. కొంగల బొమ్మ గీసింది ఈయనే. ఇంకొకడు ఆడమ్ ఖ్మియెలోవ్‌స్కి. ఆయన తర్వాత కుంచె పక్కన పెట్టి సన్యాసి అయ్యాడు, బిచ్చగాళ్ళకు సేవ చేశాడు, 1989లో పోపు ఆయన్ని సెయింటుగా ప్రకటించాడు. ఇదంతా చెబితే నాన్న హోటల్ పైఅంతస్తు కిటికీల వంక చూసి, "అంత పైన కూసోని పొలం ఎట్ల గీసినాడప్పా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

రెండో రోజు, మంగళవారం

మంగళవారం శాశ్వత గ్యాలరీలకు టికెట్టు లేదు. సోమవారం పొరపాటుకు దేవుడిచ్చిన డిస్కౌంటు అనుకున్నాం.

లోపల మొదట జనమంతా ఒకే గదిలో మూగి ఉన్నారు. పోలెండ్ ఒకప్పుడు గెలిచిన గ్రున్‌వాల్డ్ యుద్ధం మీద యాన్ మతెయ్‌కో 1878లో పూర్తి చేసిన బొమ్మ అక్కడుంది. 14 అడుగుల ఎత్తు, 32 అడుగుల వెడల్పు. కత్తులు, గుర్రాలు, రాజులు, నెత్తురు. స్కూలు పిల్లల్ని వరసగా నేల మీద కూర్చోబెట్టి టీచరు పాఠం చెబుతోంది. నాన్న రెండు నిమిషాలు చూసి, "తిరణాల మాదిరి ఉండాది" అని బయటికొచ్చేశాడు.

పోలెండ్ వాళ్ళకు అలాంటి బొమ్మలు ఎందుకు కావాల్సి వచ్చాయో తెలుసుకుంటే హెవ్‌మోన్‌స్కి సంగతి బాగా అర్థమవుతుంది. 1795 నుంచి 1918 దాకా పటంలో పోలెండ్ అనే దేశమే లేదు. రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా మూడూ పంచుకున్నాయి. దేశం పోయినవాళ్ళు గోడ మీద పాత రాజుల్ని, గెలిచిన యుద్ధాల్ని చూసుకోవాలనుకుంటారు, సహజమే. ఆ సమయంలో పాతికేళ్ళ కుర్రాడు వచ్చి, ఆవులు కాసుకునే పిల్లను నాలుగడుగుల ఎత్తు, ఐదడుగుల వెడల్పు బట్ట మీద గీసి పెట్టాడు. 

ఆ బొమ్మ పేరు 'బాబియె లాతో'. మాటకు మాట చెప్పుకుంటే ముసలమ్మల ఎండాకాలం. సెప్టెంబర్ ఆఖర్లో చలి మొదలయ్యే ముందు కొన్నాళ్ళు ఎండ కాస్తుంది, ఆ రోజులకు ఆ పేరు. ఆ రోజుల్లోనే గాలిలో సన్నటి సాలెపోగులు తేలుతుంటాయి. బుల్లి సాలీళ్ళు పోగు వదిలి, దాన్ని గాలిపటంలా పట్టుకుని కొత్త చోటికి ఎగిరిపోతాయి. ఆ పోగుల్ని కూడా 'బాబియె లాతో' అనే అంటారు. బొమ్మలో పిల్ల నేల మీద వెల్లకిలా పడుకుని, చెయ్యి పైకెత్తి అలాంటి ఒక పోగును వేళ్ళతో పట్టుకుంది. తెల్ల రవిక, పసుపు మాసిన పావడా, తలకు గుడ్డ. పక్కన నల్లకుక్క. దూరంగా ఆకాశం అంచున మంద. ఎండిపోయిన గడ్డి తప్ప మిగతాదంతా ఖాళీ.

నేను మొహం దగ్గర నిలబడ్డాను. నాన్న పాదాల దగ్గర ఆగాడు.

పాదాలకు మన్ను ఉంది. ఊరికే మట్టిరంగు పూసినట్టు కాదు, అరికాలి గట్లలోకి, వేళ్ళ సందుల్లోకి పట్టిన మన్ను. స్నానం చేసినా ఒక్కరోజులో పోని మన్ను. నాన్న కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని వంగి చూశాడు. మరీ ముందుకు వంగేసరికి అక్కడ కుర్చీలో కూర్చున్న పెద్దావిడ లేచి నిలబడింది. నేను నాన్న మోచేయి పట్టుకుని వెనక్కి లాగాను.

"ఈ పిల్ల ఈరోజు పండుకోనుండేది కాదు, దినామూ ఇట్లే తిరగతాది" అన్నాడు.

1875లో దీన్ని వార్సాలో ప్రదర్శనకు పెడితే విమర్శకులు మండిపడ్డారు. అందం లేదన్నారు, మురికి కాళ్ళేంటన్నారు, ఇదేం విషయమన్నారు. ఆ సంగతి నాన్నకు చెప్పాను.

"కాళ్ళకు మన్ను లేకుంటే ఆవులు కాసే పిల్ల ఎట్లయితాది? పెండ్లికూతురు అయితాది."

బొమ్మలో ఉన్నది యుక్రెయిన్ పల్లె. హెవ్‌మోన్‌స్కి అక్కడ తిరిగొచ్చి, జ్ఞాపకంతో ఆ హోటల్ అటక మీద గీశాడు. అంటే నాన్న నిన్న అడిగింది సరైన ప్రశ్నే. రష్యా సామ్రాజ్యంలో రైతుల్ని దొరల కట్టుబానిసత్వం నుంచి విడిపించింది 1861లో. వార్సా చుట్టుపక్కల రైతుల చేతికి భూమి వచ్చింది 1864లో. ఈ పిల్ల అమ్మానాన్నలు దొర పొలంలో వెట్టి చేసినవాళ్ళే అయ్యుంటారు. ఆమె మాత్రం కాస్సేపు పని మానేసి పడుకుంది. విమర్శకులకు అది కూడా నచ్చి ఉండదని నా అనుమానం.

అదే ఏడు హెవ్‌మోన్‌స్కి పారిస్ వెళ్ళిపోయాడు.

కొంగల బొమ్మకు వచ్చేసరికి నాన్నకు ఓపిక పెరిగింది. 'బొచానీ', అంటే కొంగలు, 1900లో గీసింది, ఆరున్నర అడుగుల వెడల్పు. క్యాంటీన్ ప్రింటులో ఎప్పుడూ గమనించనివి నాకు నాన్న వేలు పెట్టి చూపించాడు (ఈసారి దూరం నుంచే, పెద్దావిడ మా మీద ఒక కన్నేసి ఉంచింది).

"చేతిలో గరిటె ఉండాది చూడు. చేత్తో తినలా. అంటే నీళ్ళ నీళ్ళ పదార్థం, అంబలి మాదిరిది. పిల్లోడు సద్ది తెచ్చినాడు. ఎద్దులకు కాడి దించలా. అంటే తొందరగా తిని లేయల్ల. అట్లాంటోడు కూడా గరిటె పక్కన పెట్టి చూస్తాండాడంటే..." అని ఆగాడు. కొంగల్ని చూస్తూ నిలబడ్డాడు.

పోలెండ్‌లో కొంగలు మార్చి 19 ప్రాంతాల్లో, అంటే సెయింట్ యూజెఫ్ పండగకు వస్తాయని నానుడి. చిత్రకారుడి పేరు కూడా యూజెఫే. ఆఫ్రికా నుంచి, ఇస్తాంబుల్ జలసంధి మీదుగా వస్తాయి. ఇంటి కప్పు మీద గూడు కడితే ఆ ఇంటికి మంచిదని, పాత బండిచక్రం ఎక్కించి మరీ పిలుస్తారు. నాన్నకు ఈ చక్రం సంగతి బాగా నచ్చింది. "మనోళ్ళు చింతచెట్టు కొట్టకుండా ఉండేదే ఎక్కువ, ఈళ్ళు చక్రం గూడా పెడతారా" అన్నాడు.

మూడోది 1891 నాటి 'కౌజు పిట్టలు'. మంచు కప్పిన పొలం, ఎక్కడ నేల అయిపోయి ఎక్కడ ఆకాశం మొదలైందో తెలీని తెలుపు, అందులో గాలికి ఒదిగి ఒకదానికొకటి ఆనుకున్న చిన్న గుంపు. నాన్న చిన్నప్పుడు ఉచ్చులు పెట్టి కౌజులు పట్టినవాడు. చాలాసేపు చూశాడు. ఏమీ మాట్లాడలేదు. బయటికొచ్చాక, "చలికి అవి ఏం తింటాయో" అన్నాడు.

రాత్రి ఇంట్లో అన్నంలోకి మాష్లాంకా పోశాను. సూపర్ మార్కెట్లో దొరికే మజ్జిగే అది, కాస్త చిక్కన. ఊరిబిండి నంజుకుని నాన్న, "ఈ దేశం మంచిదే" అని తీర్మానించాడు.

మూడో రోజు, బుధవారం

హెవ్‌మోన్‌స్కి 1849లో వోవిచ్ దగ్గర బోచ్‌కి అనే పల్లెలో పుట్టాడు. వోవిచ్‌కు వార్సా నుంచి రైల్లో గంట ప్రయాణం. ఆ పట్టణం రంగురంగుల చారల ఉన్ని పావడాలకు, కాగితం కత్తిరింపులకు పేరున్నది. కోళ్ళు, పూలు, మడత పెట్టిన రంగుకాగితంలోంచి పుడతాయి. పల్లెటూరి ఆడవాళ్ళు వాటిని గొర్రెల బొచ్చు కత్తిరించే పెద్ద కత్తెరతోనే కత్తిరించేవాళ్ళట. నాన్న నమ్మలేదు. ఒక దుకాణంలో ఆ కత్తెర చూశాక నమ్మాడు.

ఊరికి కొద్ది దూరంలో మావుఝిత్సె అనే చోట పాత పల్లెటూరి ఇళ్ళను తెచ్చి ఒకచోట నిలబెట్టారు. గడ్డికప్పుల కొయ్య ఇళ్ళు, గోడలకు నీలం. నాన్న గోడ మీద చెయ్యి వేసి, "నీలిమందు" అన్నాడు. మా ఇంటి గోడలకు సంక్రాంతికి సున్నంలో నీలిమందు కలిపి కొట్టేవాళ్ళం. ఇక్కడి రంగు కాస్త ముదురు, అంతే తేడా.

లోపల దేవుడి పటాలు గోడకు పైన, ముందుకు వంగి వేలాడుతున్నాయి. మా అవ్వ పటాలు కూడా అట్లే వంచి కట్టేది, కింద కూర్చున్నవాళ్ళకు కనపడాలని.

వాకిట్లో ఏతం ఉంది. సరిగ్గా ఏతమే. పంగల కొయ్య, దాని మీద పొడుగాటి వాసం, ఒక కొసకు బరువు, రెండో కొసకు బొక్కెన. పోలిష్‌లో దాన్ని 'ఝురవ్' అంటారు. సారస కొంగను కూడా వాళ్ళు ఝురవ్ అనే అంటారు. వాసం వంగడం కొంగ మెడ వంచినట్టు ఉంటుందని. ఇది తెలిశాక నాన్న ఆ మాటను దారిపొడుగునా అంటూనే ఉన్నాడు. పోలిష్‌లో ఆయన నేర్చుకున్న మొదటి మాట. 'థాంక్స్' ఇప్పటికీ నేర్చుకోలేదు.

ఒక కొట్టంలో మడక, కాడి కనిపించాయి. కాడి చూసి నాన్న మొహం ముడిచాడు. "మెడ ఒరుసుకుంటాది, నున్నగా చెక్కలా" అన్నాడు. ఆ కాడి మోసిన ఎద్దుల మీద జాలి పడటానికి ఈ భూమ్మీద మిగిలింది మా నాన్న ఒక్కడే అనిపించింది.

నాకు అక్కడ ఇంకొకటి చూడాలనిపించింది. అదే ఊరి దగ్గర స్వుద్వియా అనే చిన్న ఏటి మీద ఒక ఇనుప వంతెన ఉంది. స్తెఫాన్ బ్రివా అనే ఇంజినీరు డిజైన్‌తో 1929లో పూర్తయింది. ప్రపంచంలో రివెట్లు లేకుండా వెల్డింగుతో కట్టిన మొదటి రోడ్డు వంతెన. ఇప్పుడు దాని మీద బండ్లు పోవు, పక్కకు జరిపి దాచుకున్నారు. నాన్న దాని మీద పెద్ద ఆసక్తి చూపలేదు. మేము ఎక్కాల్సిన బస్సు మా కళ్ళముందే పోయింది.

నాలుగో రోజు, గురువారం

పారిస్‌లో హెవ్‌మోన్‌స్కికి డబ్బు వచ్చింది. గుర్రాలు పరుగెత్తే బొమ్మలు గీస్తే అమెరికా వాళ్ళు కూడా కొన్నారు. ఒక్కలాంటివే గీసి గీసి మొనాటనీ వచ్చిందని తర్వాత విమర్శకులు అన్నారు. 1887లో తిరిగొచ్చాడు, 1889లో కుక్లూఫ్కా అనే పల్లెలో పాత కొయ్య బంగళా, కాస్త పొలం కొనుక్కుని అక్కడే ఉండిపోయాడు. కొంగలు, కౌజులు రెండూ అక్కడ స్థిరపడ్డాక గీసినవే.

వార్సా నడిబొడ్డు నుంచి గ్రోజిస్క్ దాకా చిన్న లోకల్ రైలు ఉంది, 1927 నుంచి నడుస్తోంది. గంట పట్టింది. అక్కడ ట్యాక్సీ మాట్లాడుకున్నాం. బంగళా ప్రైవేటు ఆస్తి, గేటు దాటడానికి లేదు. చెట్ల సందుల్లోంచి ఏం కనిపిస్తుందో అంతే. నాకు నిరాశ వేసింది. నాన్నకు వేయలేదు, ఆయన అప్పటికే రోడ్డు పక్కన దున్నిన చేనులోకి దిగిపోయాడు.

గుప్పెడు మన్ను తీసుకుని వేళ్ళతో నలిపాడు. "ఇసక నేల. శనక్కాయకు బాగుంటాది." ఈ చలిదేశంలో వేరుశనగ రాదు నాన్నా అంటే నమ్మినట్టు లేదు. ఇక్కడి ఇసక నేలల్లో రై అనే గోధుమలాంటి ధాన్యం బాగా పండుతుంది. రై పిండిని పులియబెట్టి పుల్లటి చారు కాస్తారు, దాన్ని ఝురెక్ అంటారు. బొమ్మలో రైతు గరిటెతో తినేది అదే అయ్యుంటుందని నా ఊహ, అంతకు మించి ఆధారం లేదు.

ఆ చేనులో నిలబడి ఉండగానే నాన్న చొక్కా మోచేతి మీద ఎండకు ఏదో మెరిసింది. సాలెపోగు. చూస్తే దున్నిన చాళ్ళ మీద వందల కొద్దీ ఉన్నాయి, ఎండ ఏటవాలుగా పడినప్పుడే కనపడతాయి. నాన్న దులుపుకోబోయి ఆగి, రెండు వేళ్ళతో పట్టుకుని ఎత్తాడు. ఫోటో తీద్దామంటే నా ఫోన్ కెమెరాకు పోగు అందలేదు. ఫోటోలో నాన్న ఉత్త చెయ్యి ఎత్తి నిలబడి ఉన్నాడు.

ఆ పల్లె నుంచి దారిలో రెండు చోట్ల కరెంటు స్తంభాల మీద కొంగగూళ్ళు కనిపించాయి, రెండూ ఖాళీ. ఆగస్టు 24, సెయింట్ బార్తొలొమ్యు పండగకల్లా కొంగలు వెళ్ళిపోతాయని ఇక్కడ లెక్క. మేము నెల ఆలస్యం. 2004 లెక్కింపులో పోలెండ్‌లో 50 వేలకు పైగా జతలు తేలాయి. అన్ని కొంగల్లో మా నాన్నకు ఒక్కటి కూడా మిగల్లేదు.

రాజెయోవిత్సెలో చెరువు గట్టున రాజభవనం లాంటి ఇల్లు ఉంది, అందులో హెవ్‌మోన్‌స్కి బొమ్మలు చాలానే ఉన్నాయి. గబగబా తిరిగేశాం, ట్యాక్సీ మీటర్ తిరుగుతోందని నాకు టెన్షన్.

చివరికి ఓయ్‌ఝానుఫ్ శ్మశానం. హెవ్‌మోన్‌స్కి 1914 ఏప్రిల్ 6న పోయాడు, ఇక్కడే పూడ్చారు. పోలెండ్‌లో సమాధుల మీద గాజుబుడ్డిలో దీపాలు పెడతారు. నాన్న గ్రోజిస్క్ కొట్లోనే ఒకటి కొన్నాడు, ఎందుకని నేను అడగలేదు. గాలికి మూడు అగ్గిపుల్లలు ఆరిపోయాయి. నాలుగోది ఆయన తన పై పంచె అడ్డం పెట్టి వెలిగించాడు. పక్క సమాధి దగ్గర పూలు సర్దుతున్న ముసలాయన మా వంక చూసి తలూపాడు. నాన్న కూడా ఊపాడు.

ఐదో రోజు, శుక్రవారం

రైల్లో రెండున్నర గంటలు, క్రాకోవ్. మెయిన్ స్క్వేర్ మధ్యలో సుకెన్నిత్సె ఉంది. ఒకప్పటి బట్టల సంత. కింద ఇప్పుడు సావనీర్ కొట్లు, పైన 19వ శతాబ్దపు బొమ్మల గ్యాలరీ.

పైన హెవ్‌మోన్‌స్కి గీసిన 'చ్‌ఫుర్కా' కోసం వెళ్ళాం. నాలుగు గుర్రాలు, వెనక బండి, నేరుగా మన మీదికి దూసుకొస్తుంటాయి. 1881లో పారిస్‌లో గీశాడు. తొమ్మిదడుగుల ఎత్తు, దాదాపు 22 అడుగుల వెడల్పు. గది తలుపు దాటగానే నాన్న నిజంగానే పక్కకు జరిగాడు, తర్వాత తనే నవ్వుకున్నాడు. డెక్కల కింది నుంచి బురద ఎగరడం చూసి మెచ్చుకున్నాడు. కానీ కొంగల దగ్గర నిలబడినంతసేపు ఇక్కడ నిలబడలేదు. "ఇది చూసేవాళ్ళ కోసరం గీసినాడు" అన్నాడు. పారిస్ కొనుగోలుదారుల సంగతి నేనింకా ఆయనకు చెప్పలేదు.

కింద కొట్లల్లో అమ్మకు ఏదైనా తీసుకుందామన్నాడు. ఒక కొట్లో ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం బిళ్ళల మీద ఈ బొమ్మలన్నీ ఉన్నాయి. గుర్రాలున్నాయి, కొంగలున్నాయి. బాబియె లాతో కూడా ఉంది. నాన్న దాన్ని చేతిలోకి తీసుకుని కళ్ళద్దాల దగ్గర పెట్టుకున్నాడు. పిల్ల మొహం, ఎత్తిన చెయ్యి, ఆకాశం. బిళ్ళ చిన్నది కదా, అక్కడికి కత్తిరించేశారు.

తిప్పి వెనక వైపు చూశాడు. మళ్ళీ ముందు వైపు చూశాడు.

"కాళ్ళేవీ?" అని కొట్టు అమ్మాయిని తెలుగులోనే అడిగాడు. ఆమె నవ్వి, వేలితో ధర చూపించింది.